కాఫీ ఉచితమే, మరి కారు పెట్రోలు?

ఈ నెల ఉత్తరాల కట్టలో సగం ఒకే విషయం మీద ఉన్నాయి. ‘బ్యాంకువాళ్ళు నన్ను ఉన్నట్టుండి పెద్ద కస్టమర్‌ని చేసేశారు, ఇప్పుడేం చేయాలి?’ అని. హైదరాబాద్‌లో 22 ఏళ్ళు ఆ పెద్ద కస్టమర్ల వెంట తిరిగి, నాలుగేళ్ళ కిందట ఉద్యోగం మానేసినదాన్ని. అందుకని ఈసారి మిగతా సందేహాలు పక్కన పెట్టి ఈ ఐదింటికే జవాబులు రాస్తున్నాను. పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచాను.

మేడమ్‌గారూ, నమస్తే. మాది చేవెళ్ళ దగ్గర. పంపకాల్లో నా వాటాకు వచ్చిన రెండెకరాలు అమ్మితే 9 కోట్లు ఖాతాలో పడ్డాయి. వారం తిరగకముందే బ్యాంకు నుంచి ముగ్గురు ఇంటికొచ్చారు. ‘మిమ్మల్ని ప్రైవేట్ బ్యాంకింగ్‌లోకి తీసుకున్నాం, ఫీజు ఏమీ ఉండదు’ అని చెప్పి, ఒక బరువైన కార్డు, ఒక ఫోల్డర్ ఇచ్చి వెళ్ళారు. ఇంత మర్యాద మా చుట్టాలు కూడా చేయలే. ఫీజు లేకుండా ముగ్గురు మనుషులు కారేసుకుని మా ఊరిదాకా ఎందుకొస్తారు?
– ఒక రైతు, చేవెళ్ళ

మీరు అడిగిన ఆఖరి ముక్కే అసలు ప్రశ్న. దాన్ని వదలకండి.

ముందు పేరు గొడవ తీర్చేద్దాం. ప్రైవేట్ బ్యాంకింగ్ అంటే ప్రైవేటు రంగ బ్యాంకు అని చాలామంది అనుకుంటారు. స్టేట్ బ్యాంకుకు కూడా సంపన్నుల కోసం విడిగా ఒక విభాగం ఉంది. డబ్బు బాగా ఉన్నవాళ్ళని క్యూలోంచి పక్కకు పిలిచి, సోఫాలో కూర్చోబెట్టి, వాళ్ళకంటూ ఒక మనిషిని పెట్టి చూసుకోవడమే ఇది. ఎంత ఉంటే ‘బాగా ఉన్నట్టు’ అన్నది ఏ బ్యాంకుకు ఆ బ్యాంకు గీసుకున్న గీత. నేను పనిచేసిన చోట 5 కోట్లు. అందులోనూ ఒక్క మీ ఖాతానే చూడరు. మీ ఆవిడ పేరున ఉన్న డిపాజిట్, మీ అబ్బాయి షేర్లుండే డీమ్యాట్ ఖాతా, అన్నీ ఒక ఇంటి కింద కలిపేస్తారు. ఆ మొత్తానికి మా భాషలో పేరు ‘రిలేషన్‌షిప్ వాల్యూ’. బంధం విలువ! పెళ్ళి సంబంధాల్లో కూడా ఇంత బాహాటంగా లెక్క వేయరు.

మీ ఇంటికొచ్చిన ముగ్గురిలో నవ్వుతూ ఎక్కువ మాట్లాడినవాడు రిలేషన్‌షిప్ మేనేజర్, అందరూ ఆర్‌ఎం అంటారు. ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల గీతలు చూపించిన మనిషి పెట్టుబడుల స్పెషలిస్టు. పక్కన కూర్చుని ఫారాల మీద సంతకాలు తీసుకున్నవాళ్ళు సర్వీస్ మేనేజర్. మీకు నిజంగా పనికొచ్చేది ఆ మూడో మనిషి. లాకరు, చెక్కుబుక్కు, డిపాజిట్ రెన్యువల్, ఆగిపోయిన ఆర్‌టీజీఎస్, అన్నీ అక్కడే తేలతాయి. ఆ నంబరు సేవ్ చేసుకోండి. ఆర్‌ఎం రెండు మూడేళ్ళకు వేరే బ్యాంకుకు మారిపోతాడు, పోతూ పోతూ మిమ్మల్నీ రమ్మంటాడు.

ఇక ఆ కారు పెట్రోలు ఎక్కడినుంచి వస్తుందంటారా? మీ 9 కోట్లు సేవింగ్స్ ఖాతాలో పడి ఉన్నన్నాళ్ళూ బ్యాంకు మీకిచ్చేది రెండున్నర, మూడు శాతం. అదే డబ్బు ఇల్లు కొనుక్కునేవాడికి అప్పిచ్చి దాదాపు మూడింతలు రాబడుతుంది. అయినా ఊరికే ఉండనివ్వరు. ఎందుకంటే ఆర్‌ఎం టార్గెట్ దాంతో తీరదు. మ్యూచువల్ ఫండ్లు తెస్తాడు. 2013 జనవరి నుంచి ఫండ్లలో రెండు ప్లాన్లు ఉన్నాయి, రెగ్యులర్, డైరెక్ట్ అని. ఫండు ఒకటే, నడిపేవాడు ఒకడే, కొనే షేర్లూ అవే. రెగ్యులర్‌లో మాత్రం మీరు అందులో ఉన్నన్నాళ్ళూ అమ్మిన బ్యాంకుకు ఏటా కమీషన్ వెళ్తుంది. ముప్పావు శాతం అనుకుందాం. 8 కోట్ల మీద ఏడాదికి 6 లక్షలు, అంటే నెలకు 50 వేలు. మీకు బిల్లు రాదు. యూనిట్ విలువలోనే రోజూ కాస్త కాస్త తగ్గిపోతుంది. కాబట్టి ‘ఫీజు లేదు’ అన్నది అబద్ధమేం కాదు. పాలల్లో కలిపిన నీళ్ళకు ఎవరూ విడిగా బిల్లు వేయరు కదా.

ఈ కమీషన్ రహస్యమూ కాదు. ఆరు నెలలకోసారి మీ ఈమెయిల్‌కి వచ్చే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్‌లో, అమ్మినవాళ్ళకు ఎంత ముట్టిందో రూపాయల్లో అచ్చు వేస్తారు. ఆ పేజీదాకా ఎవరూ వెళ్ళరు. నా కస్టమర్లలో వెళ్ళినవాళ్ళు ఇద్దరే. ఒకరు సీఏ. రెండోవారు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు. ఆయన ఆ అంకె చూసి కోప్పడలేదు. ‘అమ్మా, నీదీ నాదీ ఒకటే వ్యాపారం’ అని నవ్వారు. మరుసటి నెల సగం డబ్బు డైరెక్ట్‌లోకి మార్చుకున్నారనుకోండి.

మీ ఫోల్డర్లో పీఎంఎస్, ఏఐఎఫ్ అనే రెండు పేర్లు కూడా ఉండి ఉంటాయి. మొదటిది మీ పేరు మీదే షేర్లు కొని నడిపే సేవ, రెండోది కొందరు ధనికుల డబ్బు పోగేసి నడిపే ప్రత్యేక నిధి. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ నియమం ప్రకారం మొదటిదానికి కనీసం 50 లక్షలు, రెండోదానికి కనీసం కోటి పెట్టాలి. నష్టం వచ్చినా తట్టుకోగలవాళ్ళే రావాలని పెట్టిన అడ్డుకట్ట అది. అమ్మేటప్పుడు దాన్నే తిరగేసి ‘అందరికీ దొరకదు సర్, మీలాంటివాళ్ళకే’ అంటారు. నేనూ అన్నాను. ఆ సంగతి చివరి ఉత్తరం దగ్గర చెప్తాను.

వద్దని చెప్పడం లేదు. 2020 మార్చిలో మార్కెట్ కూలినప్పుడు, అన్నీ అమ్మేయమని అర్ధరాత్రి ఫోన్ చేసినవాళ్ళని బతిమాలి ఆపిన ఆర్‌ఎంలు నాకు తెలుసు. అలాంటి మనిషికి పదేళ్ళ కమీషన్ ఇచ్చినా తప్పులేదు. ధర తెలుసుకుని కొనమంటున్నాను, అంతే. ఈసారి వచ్చినప్పుడు ఒక్కటి అడగండి: ‘ఇందులో మీ బ్యాంకుకు ఏడాదికి ఎన్ని రూపాయలు వస్తాయి? ఈమెయిల్‌లో రాసి పంపండి.’ శాతాలు వద్దు. జవాబు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో దాన్నిబట్టే మీకు సగం తెలిసిపోతుంది. వేరే మనిషి సలహా కావాలనుకుంటే సెబీ దగ్గర నమోదైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లు ఉన్నారు. వాళ్ళు మీ దగ్గర ఫీజు తీసుకుంటారు, మీకు సలహా చెప్పినదాని మీద కమీషన్ తీసుకోకూడదు. ఫీజు చెక్కు రాసేటప్పుడు చెయ్యి కాస్త ఆగుతుంది, నిజమే. కానీ ఎంత పోతోందో కళ్ళకు కనిపిస్తుంది.

ఇంతకన్నా ముందు ఇంకో పని ఉంది. ఆ ఫోల్డర్లో పన్ను మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉండదని నా అనుమానం. మీ పొలం మున్సిపాలిటీ హద్దులకు ఎంత దూరమో తేల్చుకోవాలి. ఆ పట్టణ జనాభా 10 వేలు దాటి లక్షలోపు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షలలోపు ఉంటే 6, అంతకు మించితే 8. ఆ దూరం అవతల ఉన్న సాగుభూమి అమ్మితే మూలధన లాభం పన్నే ఉండదు. ఇవతల ఉంటే ఉంటుంది. అప్పుడు రెండేళ్ళలో మళ్ళీ వ్యవసాయ భూమి కొని మినహాయింపు పొందే దారి ఉంది. అందరూ 54ఇసి అని పిలిచే బాండ్లలో 50 లక్షల వరకు పెట్టే దారీ ఉంది, కానీ దానికి అమ్మిన తేదీ నుంచి ఆరు నెలలే గడువు. వెంటనే సీఏ దగ్గరికి వెళ్ళండి. అంతవరకు డబ్బు మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంచండి. ఒక చిన్న చిట్కా: ఒకే డిపాజిట్ 3 కోట్లు, ఆపైన ఉంటే అది ‘బల్క్’ కింద పోతుంది, దాని వడ్డీరేటు వేరే. ముక్కలు చేసి వేస్తే ఎంత, కలిపి వేస్తే ఎంత, రెండూ అడగండి. ముందుగా తీసుకునే వీలు లేని డిపాజిట్‌లో మాత్రం పడేయకండి. మీకు సీఏ ఫలానా తేదీకల్లా డబ్బు కావాలంటాడు.

నాకు 61 ఏళ్ళు. మావారు పోయి ఎనిమిది నెలలైంది. బ్యాంకబ్బాయి ‘అమ్మా, అమ్మా’ అంటూ ఎంతో సాయం చేశాడు, డెత్ సర్టిఫికెట్ పనులు కూడా తనే చూశాడు. ఏటా 25 లక్షల చొప్పున ఏడేళ్ళు కట్టే పాలసీ ఒకటి ఇప్పించాడు. ‘పన్ను ఉండదు’ అన్నాడు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి విని కోప్పడుతున్నాడు. పాలసీ పత్రం వచ్చి 18 రోజులైంది.
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

అమ్మా, ఈ పత్రిక మీ చేతికొచ్చేసరికి ఆలస్యం కావచ్చని మీకు విడిగా ఉత్తరం రాశాను. మిగతావాళ్ళ కోసం ఇక్కడ.

పాలసీ పత్రం చేతికందిన రోజు నుంచి 30 రోజుల్లోపు నచ్చలేదని తిప్పి పంపేయొచ్చు. దాన్ని ఫ్రీ లుక్ అంటారు. స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్ష ఖర్చు, ఆ కొద్ది రోజుల బీమా ఖర్చు మినహాయించి మిగతాది వెనక్కిస్తారు. ఉత్తరం బీమా కంపెనీకి రాయాలి, బ్యాంకబ్బాయికి కాదు. అందినట్టు రసీదు తీసుకోండి. ఆ అబ్బాయి కన్నీళ్ళు పెట్టుకోవచ్చు, ‘నా ఉద్యోగం పోతుందమ్మా’ అనవచ్చు. పోదు. ఆ నెల టార్గెట్ మాత్రం పోతుంది.

పన్ను ఉండదన్నది తప్పు. 2023 ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్న మామూలు జీవిత బీమా పాలసీల్లో ఏడాది ప్రీమియం 5 లక్షలు దాటితే, గడువు తీరాక వచ్చే లాభం మీద పన్ను పడుతుంది. మనిషి చనిపోయినప్పుడు వచ్చే సొమ్ముకు మాత్రమే మినహాయింపు. సంపాదన లేని 61 ఏళ్ళ మనిషికి, తన మీద ఎవరూ ఆధారపడి లేనప్పుడు, ఏటా 25 లక్షల పాలసీ దేనికో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టదు. గడువు దాటిపోయినవాళ్ళు ముందు కంపెనీకి ఫిర్యాదు రాసి, తేలకపోతే బీమా తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళండి. హైదరాబాద్‌లో ఆఫీసు ఉంది, లాయర్ అక్కర్లేదు.

ఆ అబ్బాయి చేసిన సాయం నిజమే అయి ఉంటుంది. నేను కూడా శ్మశానాల దాకా వెళ్ళాను. సాయమూ, టార్గెట్టూ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి, అందుకే మోసం అనిపించదు.

బ్యాంకు మునిగితే నా కోటిన్నర గతేమిటి? ఫిక్స్‌డ్ డిపాజిట్ బదులు బ్యాంకు బాండ్లు తీసుకోమని, వడ్డీ ఎక్కువని ఆర్‌ఎం అంటున్నాడు. బ్యాంకే కదా, రెండూ ఒకటే కాదా?
– రిటైర్డ్ ఇంజనీరు, విజయవాడ

ఒకటి కావండి. డిపాజిట్‌కు ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల వరకు బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. మీకు ప్రైవేట్ బ్యాంకింగ్ కార్డు ఉన్నా అదే 5 లక్షలు, కూరగాయల బండి ఆయనకూ అదే. మీరు బ్యాంకు ద్వారా కొన్న మ్యూచువల్ ఫండ్ల సంగతి వేరు. అవి బ్యాంకు ఆస్తి కావు, బ్యాంకు అమ్మిపెట్టింది అంతే. బ్యాంకు పోయినా మీ యూనిట్లు మీవే.

బాండ్ల విషయంలో 2020 మార్చిని గుర్తు చేసుకోండి. యెస్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు మారటోరియం పెట్టింది, కొన్నాళ్ళు 50 వేలకు మించి తీసుకోనివ్వలేదు. తర్వాత డిపాజిట్లన్నీ క్షేమంగా బయటపడ్డాయి. కానీ ఏటీ1 అనే రకం బాండ్లు, 8,415 కోట్ల రూపాయలవి, ఒక్క నిర్ణయంతో సున్నా అయిపోయాయి. బ్యాంకు చిక్కుల్లో పడితే మొదట నష్టం పడేది వాటి మీదే అని పత్రాల్లో ముందే రాసి ఉంది. వాటిని వ్యక్తులకు అమ్మేటప్పుడు ఆ ప్రమాదం సరిగా చెప్పలేదని 2021 ఏప్రిల్‌లో సెబీ బ్యాంకుకు 25 కోట్ల జరిమానా వేసింది. బ్యాంకు అప్పీలుకు వెళ్ళింది. బాండ్ల రద్దును 2023 జనవరిలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది, అది సుప్రీంకోర్టుకెక్కింది. కొన్నవాళ్ళలో డిపాజిట్లు గడువుకు ముందే రద్దు చేసుకుని వీటిలోకి మారినవాళ్ళు ఉన్నారని సెబీ ఆర్డరులోనే ఉంది. మీకు చెప్తున్నదీ అదే వరస కదా? బాండు పేరు, దాని రకం కాగితం మీద రాయించుకోండి. ‘ఏటీ1’ లేదా ‘పర్పెచ్యువల్’ అన్న మాట కనబడితే దండం పెట్టేయండి.

స్విస్ బ్యాంకుల్లో ఇప్పటికీ పేరు లేకుండా డబ్బు దాచుకోవచ్చా? (దాచడానికి నా దగ్గర ఏమీ లేదు, ఊరికే అడుగుతున్నా.)
– కాలేజీ లెక్చరర్, కరీంనగర్

బ్రాకెట్లో రాసినందుకు సంతోషం. లేకపోతే ఇన్‌కంటాక్స్‌వాళ్ళు మన పత్రిక చందాదారుల జాబితా అడిగేవాళ్ళు!

ఖాతాదారుడి వివరాలు బయటపెడితే బ్యాంకు ఉద్యోగికి శిక్ష అని స్విట్జర్లాండ్ 1934లో చట్టం చేసింది. స్విస్ బ్యాంకులంటే రహస్యం అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. కానీ దేశాల మధ్య ఖాతాల వివరాలు వాటంతటవే ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం వచ్చాక, 2019 సెప్టెంబరులో మొదటిసారి స్విస్ నుంచి మన దేశానికి జాబితా వచ్చింది. చట్టబద్ధంగానైతే ఇక్కడినుంచి ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు బయటికి పంపుకోవచ్చు. రిటర్నులో చూపించాలి. చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా ఉంది.

నాకు ఆ దేశంలో నచ్చిన సంగతి రహస్యం కాదు. జెనీవాలో పిక్టే అని 1805లో పుట్టిన బ్యాంకు ఉంది. 2014లో పద్ధతి మార్చేదాకా దాని భాగస్వాములకు పరిమితి లేని బాధ్యత ఉండేది. అంటే బ్యాంకు మునిగితే వాళ్ళ సొంత ఇల్లూ వాకిలీ కూడా పోతాయన్నమాట. కస్టమర్ డబ్బుతో సాహసం చేయమని అలాంటి బ్యాంకరుకు ఎవరైనా చెప్తే ఎలా చూసి ఉంటాడో ఊహించుకోండి. 1856 నాటి స్విస్ బ్యాంకు క్రెడిట్ సూయిస్‌కు ఆ భయం లేదు. 2023 మార్చిలో దాన్ని మరో స్విస్ బ్యాంకు యూబీఎస్ చేతుల్లో పెట్టాల్సి వచ్చింది.

ఎంబీఏ అయింది. ఒక బ్యాంకు ప్రైవేట్ బ్యాంకింగ్‌లో అసిస్టెంట్ ఆర్‌ఎంగా ఆఫర్ ఇచ్చింది. ‘పేరు గొప్పే గానీ అది మార్కెటింగ్ ఉద్యోగంరా’ అంటున్నాడు మా మావయ్య. నిజమా మేడమ్?
– నిరుద్యోగి, విశాఖపట్నం

మీ మావయ్య తెలివైనవారు. అయినా చేరొద్దని చెప్పను.

పొద్దున 8:45కి మీటింగ్. నిన్న ఎంత తెచ్చావు, ఇవాళ ఎంత తెస్తావు. తర్వాత రోజంతా ఇళ్ళు, ఆఫీసులు, ఫంక్షన్ హాళ్ళు. కొంపల్లిలో గృహప్రవేశం, జూబ్లీహిల్స్‌లో షష్టిపూర్తి. నన్ను ఫండ్ల గురించి అడిగినవాళ్ళకన్నా తిరుమల బ్రేక్ దర్శనం టికెట్లు అడిగినవాళ్ళే ఎక్కువ. దీపావళికి డ్రైఫ్రూట్స్ పెట్టెలు మోసీ మోసీ నా కారు డిక్కీలో ఇప్పటికీ జీడిపప్పు వాసన. ఒకటి మాత్రం త్వరగా నేర్చుకుంటారు. ఆ ఇంట్లో నిర్ణయం సోఫాలో కూర్చున్నాయనది కాదు, కాఫీ ఇచ్చి తలుపు పక్కన నిలబడ్డావిడది. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పలేనిది ఆ ఇంట్లో అమ్మకూడదు. నాకు ఇది తెలియడానికి పదేళ్ళు పట్టింది.

2014లో నెల్లూరులో ఒక రిటైర్డ్ డాక్టరుగారికి రియల్ ఎస్టేట్ ఫండు అమ్మాను. కోటి రూపాయలు, ఏడేళ్ళు కదిలించే వీల్లేదు. ‘అందరికీ దొరకదు సర్’ అన్నాను. ఆ మూడు నెలల అమ్మకాల నంబరుకి నన్ను బ్యాంకాక్ పంపించారు. 2017లో ఆయన భార్యకు చెన్నైలో కాలేయ మార్పిడి చేయాల్సి వచ్చింది. డబ్బు కావాలన్నారు. బయటికి తీసే దారి లేదు. కంపెనీకి నేను రాసిన ఈమెయిళ్ళకు ‘రూల్ 7’ అని జవాబొచ్చింది. ఆయన ఊళ్ళో ఉన్న స్థలం వచ్చిన రేటుకు అమ్ముకున్నారు. నేను వెళ్ళి క్షమించమంటే, ‘ఏడేళ్ళని నువ్వు చెప్పావమ్మా, నేనే సరిగా వినలేదు’ అన్నారు. చెప్పాను, నిజమే. ఎంత గబగబా చెప్పానో నాకు తెలుసు.

ఆ తర్వాత ఎవరికి ఏది చూపించినా లాక్ ఎన్నేళ్ళో మొదటి వాక్యంలోనే చెప్పేదాన్ని. అమ్మకాలు పడిపోయాయి, ప్రమోషన్ ఆగింది. ఉద్యోగం మాత్రం పోలేదు, ఇంకో మూడు నాలుగేళ్ళు చేశాను.

మీరు చేరేముందు ఆఫర్ లెటర్‌లో మూడు చూసుకోండి: జీతంలో స్థిరంగా వచ్చేదెంత, అమ్మకాలనుబట్టి వచ్చేదెంత, ఇన్సూరెన్స్ టార్గెట్ విడిగా ఉందా. నెలనెలా విడిగా ఉందంటే ఇంకో ఆఫర్ కోసం ఆగడం మంచిది. ఈలోగా సెబీ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం పెట్టే పరీక్షలు రాసేయండి. మ్యూచువల్ ఫండ్లు అమ్మడానికి 5-ఏ, పీఎంఎస్ కోసం 21-ఏ. రెండూ చేతిలో ఉంటే జీతం మాట్లాడేటప్పుడు గొంతు కాస్త లేస్తుంది. ఆఫర్ లెటర్ నకలు పంపండి, బ్యాంకు పేరు కొట్టేసి పంపినా సరే, చూసి చెప్తాను.